నేనే చెప్పాను

ఆరాధన ముగిసింది. పిల్లలను బయటికి పంపి తలుపులు దగ్గరగా వేశారు. చాపల మీద ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు, ఒక్కరూ లేవలేదు. ఇరవై ఆరేళ్ళు ఈ రేపల్లె గుడిలో వేదిక మీద నిలబడి కిందికి చూసిన పాస్టరు జీవరత్నం ఇవాళ కింద, మొదటి వరసకు ముందు, చక్రాల కుర్చీలో కూర్చుని పైకి చూస్తున్నాడు. ఇక్కణ్ణుంచి చూస్తే అన్నీ కొత్తగా ఉన్నాయి. ప్రసంగ పీఠానికి కప్పిన ఊదారంగు గుడ్డ అంచు ఒకచోట కుట్టు ఊడి వేలాడుతోంది, దాని వెనక మైకు వైర్లు ఉండ చుట్టుకుని ఉన్నాయి, ఎవరో సగం తాగి వదిలేసిన నీళ్ళ సీసా పక్కకు దొర్లి ఉంది. ఇంతకాలమూ జనం తన మాటలు వింటూ ఇవి కూడా చూశారన్నమాట, తన పాదాలను, పంచె అంచును, మొదటి ఏడాది ఆగకుండా వణికిన మోకాళ్ళను. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి మరచిపోయిన వస్తువులాగా. నోటి చివర తడి తగిలింది. పక్కన కూర్చున్న ఫ్లోరెన్స్ ఇటు చూడకుండానే రుమాలుతో తుడిచింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో భార్య చేత నోరు తుడిపించుకోవడం ఈ మూడు నెలల్లో వచ్చిన అలవాటు. ఈ మూడు నెలలుగా అతని నోట ఒక్కటే మాట వస్తోంది.

ఆ మాట స్తోత్రం. మంచినీళ్ళు కావాలన్నా స్తోత్రమే, ఫ్యాను ఆపమన్నా స్తోత్రమే, వీపు కింద దుప్పటి మడతపడి ఒత్తుకుంటోందని చెప్పబోయినా స్తోత్రమే. తెనాలిలో కూతురి ఇంట్లో ఉండి వైద్యం చేయించుకున్నన్నాళ్ళూ వారానికి నాలుగు రోజులు బిందు అనే అమ్మాయి వచ్చేది, పోయిన మాటను మళ్ళీ నేర్పడం ఆ పిల్ల పని. అట్టముక్కల మీద బొమ్మలు చూపించేది. తాళంచెవి, గొడుగు, అరటిపండు. చూడగానే పేరు లోపల టక్కున వెలిగేది, గొంతుదాకా వచ్చేది, పెదవులు దాటేసరికి స్తోత్రమైపోయేది. "మాటలన్నీ లోపలే ఉన్నాయి అంకుల్, ఎక్కడికీ పోలేదు. బయటికొచ్చే దారే దెబ్బతింది. ఇదొక్కటీ మీరు రోజుకి వందసార్లు అన్న మాట కదా, అందుకని దానంతటదే వచ్చేస్తోంది" అని చెప్పింది. రాయించి కూడా చూసింది. ఎడంచేత్తో తన పేరు రాయబోతే మొదట జ పడింది, తర్వాత కూడా జ, ఆ తర్వాతా అదే, కాగితం చివరిదాకా. తల ఊపినా నమ్మడానికి లేదని ఆ అమ్మాయి ఫ్లోరెన్స్‌తో వరండాలో నిలబడి చెప్పడం అతని చెవిన పడింది. అవును అనుకున్నప్పుడు అడ్డంగా ఊగుతోందట, కాదనుకున్నప్పుడు నిలువుగా. కొన్నాళ్ళకు సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. పొద్దున తెనాలిలో రైలెక్కి వస్తుంటే, వేమూరు దగ్గర కాబోలు, ఎవరో ముసలావిడ అతణ్ణి గుర్తుపట్టి, ప్రార్థన చెయ్యండయ్యగారూ అని తల వంచింది. అతను స్తోత్రం అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, మాట పోయినా ఆయనలో దేవుడి పేరు పోలేదు చూశారా అని పక్కవాళ్ళకు చెప్పుకుంటూ వెళ్ళి కూర్చుంది. అది భక్తి కాదమ్మా, అరిగిపోయిన అలవాటు, అని ఆవిడకు చెప్పాలనిపించింది. బాపట్లలో బైబిలు శిక్షణకు వెళ్ళిన రోజుల్లో వాళ్ళ మాస్టారు సాయంత్రాలు అందరినీ సూర్యలంక సముద్రానికి తీసుకువెళ్ళేవాడు. అలల వైపు తిప్పి నిలబెట్టి ప్రసంగం చెప్పమనేవాడు, తాను వెనక సరుగుడు తోట దగ్గర నిలబడి వినబడిందా లేదా చెప్పేవాడు. ఇరవై రెండు మందిలో జీవరత్నం గొంతొక్కటే సముద్రాన్ని దాటి వెనక్కి వచ్చేది. ఆ గొంతు చూసే ఫ్లోరెన్స్ వాళ్ళ నాన్న పిల్లనిచ్చాడు.

మైకు టకటకమంది. కృపారావు వేలితో కొట్టి చూస్తున్నాడు. సంఘ పెద్దల్లో అందరికన్నా పెద్దవాడు, తాలూకాఫీసులో చేసి రిటైరయ్యాడు, గంజి పెట్టిన తెల్లచొక్కా చేతులు మడవడు, ఎంత ఉక్క పోసినా పై గుండీ విప్పడు. "వందనాలండి అందరికీ. మూడు నెలలుగా నానుతున్న సంగతి ఇది. అయ్యగారు వచ్చేదాకా ఆగుదామన్నాం, ఆగాం. ఆయన్ని ఈ స్థితిలో కూర్చోబెట్టి మాట్లాడాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది. ఎస్తేరు తనంతట తాను ప్రాణం తీసుకుంది. అలాంటివాళ్ళకి మన సమాధుల తోటలో చోటు లేదన్నది ఈ సంఘం కట్టుబాటు. మీ అందరికీ తెలుసు. నతానియేలు గారు పెద్దల్ని అడక్కుండా, ఒక్కరికి చెప్పకుండా, పొద్దున్నే నలుగురితో తీసుకొచ్చి సమాధి చేసేశారు. ఇదేంటండీ అంటే, అయ్యగారు చేయమన్నారు అంటున్నారు. ఎస్తేరు తల్లీ అదే అంటోంది, కన్నకడుపు కదా, ఆవిడ మాట సాక్ష్యంగా తీసుకోలేం." జనంలో చిన్న కలకలం. కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ నతానియేలు తల ఎత్తలేదు. లంకలో ఉన్న చిన్న సంఘానికి తొమ్మిదేళ్ళుగా కాపరి, జీవరత్నమే తెచ్చి పెట్టుకున్నవాడు, కొలకలూరు పిల్లవాడు. చొక్కా జేబు దగ్గర ఇస్త్రీ కాలిన మరక. అతని భార్య చాప అంచున కూర్చుని చాప పుల్లలు ఒక్కొక్కటే తుంచుతోంది. ఇతను తప్పు చేయలేదు. నేనే చెప్పాను. రెండే మాటలు, ఎంత చిన్నవి, పసిపిల్ల కూడా అనగలదు, నేనే, చెప్పాను, పోనీ ఒక్క నేనే అన్నా చాలు.

మూడు నెలల కిందట, గురువారం సాయంత్రం. ఎండ ఇంకా గోడ మీద ఉంది. ఫ్లోరెన్స్ వాళ్ళ అక్కకు కంటి ఆపరేషనయితే బాపట్ల వెళ్ళి రెండు రోజులైంది, ఇంట్లో అతనొక్కడే, కుక్కరు మూత రాక తంటాలు పడుతున్నాడు. నతానియేలు వచ్చి వరండాలోనే నిలబడిపోయాడు. వెనక మెట్ల మీద ఎస్తేరు తల్లి. ఆవిడ ఏడవడం లేదు. అది చూసి అతనికి భయమేసింది. ఎస్తేరు బళ్ళో అన్నం వండే పిల్ల, ముప్పై రెండేళ్ళది, కానుపు కానుపుకీ బిడ్డ పోయి నాలుగోసారి కూడా పోయాక నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ నెలలో రెండు ఆదివారాలు గుడికి వచ్చింది. రెండుసార్లూ అతను గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి కలిపి, బాగున్నావామ్మా అని, జవాబు రాకముందే వెనకాల వస్తున్నవాళ్ళకు చెయ్యి చాచాడు. "మా పిల్లని కాలవ గట్టున పెట్టమంటారా అయ్యగారూ?" అంది ఆ తల్లి. అంతే అంది. కాలవ గట్టు అన్న మాట వినగానే పందొమ్మిదేళ్ళ కిందట ఇదే వరండాలో నిలబడ్డ ఇంకొక మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు. జీవరత్నం చేతిలో కుక్కరు మూత ఉంది, దాన్ని కింద పెట్టడం కూడా మరచిపోయి, "తోటలోనే చెయ్యండి. రేపు పొద్దున్నే చెయ్యండి. నేను చెప్పానని చెప్పు" అన్నాడు. నతానియేలు కళ్ళెత్తి చూశాడు. "కృపారావు గారు..." అన్నాడు. అప్పుడు వచ్చింది భయం. అప్పుడు అన్నాడు ఆ రెండో మాట, ఈ మూడు నెలలూ తెనాలి మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలకేసి చూస్తూ వెనక్కి తీసుకుందామని చూసిన మాట. "ఎవరికీ చెప్పకు. ఆయనకి రేపు పొద్దున నేను వెళ్ళి చెప్తాను. నా నోటితో చెప్పాల్సింది అది."

ఆ వరండాలో నిలబడ్డ మనిషి కృపారావే. చచ్చిపోయింది అతని తమ్ముడు యోనా, ఇరవై ఒక్క ఏళ్ళు, గుడిలో హార్మోనియం వాయించేవాడు. ఏ దిగులు పట్టుకుందో ఎవరికీ చెప్పలేదు. జీవరత్నం అప్పటికి రేపల్లె వచ్చి ఏడేళ్ళు, అందరితో మంచిగా ఉంటాడు కానీ మెత్తనివాడు అన్న పేరు ఉండేది, ఆ పేరు అతనికి లోలోపల ముల్లులా గుచ్చుకునేది. కృపారావు ఆ రోజు కాళ్ళు పట్టుకోలేదు, కేకలు వెయ్యలేదు. చేతులు కట్టుకుని నిలబడి, మా అమ్మ పక్కన కొంచెం చోటు అయ్యగారూ, అని అడిగాడు. కట్టుబాటు అందరికీ ఒకటే కృపారావు గారూ, అన్నాడు జీవరత్నం, సముద్రాన్ని దాటే ఆ గొంతుతో. తలుపు చాటున నిలబడ్డ ఫ్లోరెన్స్ లోపలికి వెళ్ళిపోయి ఆ పూట అన్నం తినలేదు. యోనాను కాలవ గట్టున పెట్టారు, అతను వెళ్ళలేదు. తరువాతి ఆదివారం నుంచీ అతని నడకే మారింది. ఎవరి మొహమూ చూడడు మన అయ్యగారు, అని జనం చెప్పుకుంటుంటే విని, విననట్టు ఉండి, ఇంటికొచ్చి ఆ మాటను మళ్ళీ మళ్ళీ తలచుకున్నాడు. పెద్దల మధ్య తగవు వస్తే అతని మాటే ఆఖరు మాట అయింది. పక్క ఊళ్ళ సంఘాలు తీర్పులకు పిలిచాయి. ఇదంతా ఆ కాలవ గట్టు మట్టి మీద లేచిందే. నాలుగేళ్ళకు కాలవ వెడల్పు చేస్తామని యంత్రాలు వచ్చి ఆ గట్టంతా తవ్వేసి పోశాయి, యోనాను పెట్టిన చోటు ఎక్కడో ఇప్పుడెవరికీ తెలియదు. ఆ సాయంత్రం కృపారావు ఒక్కడే ఆ బురదలో అటూ ఇటూ తిరగడం జీవరత్నం వంతెన మీద స్కూటరు ఆపి చూశాడు, దిగలేదు, మళ్ళీ స్టార్టు చేసుకుని వచ్చేశాడు. కృపారావు ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. పందొమ్మిదేళ్ళూ సంఘంలో అతని పక్కనే నిలబడ్డాడు. పండుగలకు బట్టలు పెట్టాడు. కళ్ళలోకి మాత్రం సూటిగా చూసేవాడు కాదు, మాట్లాడితే అతని భుజం మీదుగా ఎక్కడో చూస్తూ మాట్లాడేవాడు.

ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలనుకున్నాడు శుక్రవారం పొద్దున. మీ తమ్ముడి విషయంలో నేను తప్పు చేశానండి, నిన్న ఆ తల్లికి అవునని అన్నాను, మీకు కాదని అన్నాను, ఈ రెండూ నేనే. మొహం మీద ఉమ్మేసినా సరే. స్నానం చేస్తూ ఆ మాటలే వరసలో పెట్టుకుంటున్నాడు, ప్రసంగానికి పెట్టుకున్నట్టు. చెంబు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, నేల పక్కకు ఒరిగింది. పాలవాడు కిటికీలోంచి చూసి అరిచాడట. అంబులెన్సులో తెనాలికి తీసుకుపోతున్న ఆ గంటలోనే ఇక్కడ తోట మూలన ఎస్తేరును దించుతున్నారు. వారం తరువాత ఎవరో పచ్చి మట్టి దిబ్బ చూసి ఇది ఎవరిది అని అడిగారు. గురువారం రాత్రే వెళ్ళి ఉంటే. వీధి చివర ఇల్లు, ఎంత దూరం. అన్నం తినాలి అనుకున్నాడు, ఆలస్యమైంది ఆయన పడుకుని ఉంటాడు అనుకున్నాడు, నిజానికి ఆ కళ్ళు మొదటిసారి సూటిగా తనకేసి చూస్తాయేమోనని జంకాడు. అంతే జరిగింది. ఒక్క పూట జంకు.

"నేనొక్కటే చెప్తానండి" అంటున్నాడు కృపారావు. "నతానియేలు గారు మంచివారే, కాదనను. కానీ అయ్యగారు అలాంటి మాట చెప్పారంటే నేను నమ్మను. నా తమ్ముడికే చెయ్యలేదాయన. ఆ రోజు మా అమ్మ పక్కన చోటు ఇవ్వమని నేను చేతులు కట్టుకుని అడిగితే, కట్టుబాటు అందరికీ ఒకటే అన్నారు. అలాంటి మనిషి మాట మారుస్తారా? చెప్పలేని స్థితిలో ఉన్నారు కదా అని ఆయన మీద పెట్టడం అన్యాయం కాదూ?" పైన ఫ్యాను ఒకటి కిర్రుమంటోంది. పందొమ్మిదేళ్ళ తరువాత కృపారావు ఆ సంగతి నోటితో అన్నాడు, అదీ ఎవరి కోసం, తన కోసం, తన పేరు నిలబెట్టడం కోసం. వద్దు, వద్దయ్యా, ఆ పేరును పడనివ్వు. కృపారావు మైకు వదిలి మెట్టు దిగి కుర్చీ ముందుకొచ్చి వంగాడు. గంజి వాసన. "అయ్యగారూ, ఒక్కసారి. మీరు ఒప్పుకున్నారా, ఎస్తేరును తోటలో పెట్టడానికి?" ఇదే. ఇప్పుడే. బిందు చెప్పింది, తొందరపడకండి అంకుల్, ముందు పెదవులు ఆ మాటకు తగ్గట్టు పెట్టుకోండి, ఊపిరి తీసుకోండి. నే. నాలుక పైపళ్ళ వెనక్కి. పెట్టాడు. మెడ నరాలు బిగిశాయి. నే... ఊపిరి వచ్చింది, కదిలింది, ఇప్పుడే...

"స్తోత్రం."

"స్తోత్రం" అంది సంఘమంతా ఒక్కసారిగా. వాళ్ళకూ అది అలవాటే. కాదు, అలా కాదు, అని తల అడ్డంగా ఊపుదామనుకుని ఆగాడు, ఏ ఊపు ఎటు పోతుందో తెలియదు, అవును అని నిలువుగా ఊపబోతే మెడ దానంతటది అడ్డంగా తిరిగింది. "కాదంటున్నారు" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఫ్లోరెన్స్ లేచి, "తలకాయ ఊపు పట్టించుకోవద్దన్నారండి డాక్టర్లు. ఆయన్ని వదిలెయ్యండి" అంది. అతను ఎడంచేత్తో ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగాడు. నువ్వు ఆరోజు బాపట్లలో ఉన్నావు, నీకు చెప్పలేదు, నీకు చెప్పి ఉంటే ఇవాళ నువ్వయినా చెప్పేదానివి. ఆమె వంగి, "మంచినీళ్ళా?" అని అడిగింది. పెద్దల్లో ఒకాయన కాగితమూ కలమూ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. అతను రాశాడు. చెయ్యి గట్టిగా, ఎంతో నమ్మకంగా నడిచింది. కృపారావు కాగితం తీసి చూశాడు, పక్కాయనకు చూపించాడు, దాన్ని రెండుగా మడిచాడు.

అప్పుడు నతానియేలు గోడ వదిలి ముందుకు వచ్చాడు. "ఇంక ఆయన్ని అడగొద్దండి. చెమటలు పడుతున్నాయి చూడండి. మీరేం చెయ్యాలనుకుంటే అది చెయ్యండి, నేను మాట్లాడను" అన్నాడు. జీవరత్నం అతనికేసి చూశాడు. ఆ చూపులో ఉన్నదంతా అతనికి అందిందో లేదో. నతానియేలు ఒక్క క్షణం చూసి కళ్ళు దించుకున్నాడు. కోపం లేదు ఆ మొహంలో, ఉన్నా బాగుండేది. కృపారావు మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళాడు. "ఆ అమ్మాయి సమాధి జోలికి ఎవరూ వెళ్ళవద్దు, అది అక్కడే ఉంటుంది. నతానియేలు గారిని లంక సంఘం నుంచీ, ఈ సంఘం సేవ నుంచీ తీసేద్దామని పెద్దలం అనుకున్నాం. సమ్మతమైనవాళ్ళు లేచి నిలబడండి." ముందు మగవాళ్ళ వైపు నలుగురు లేచారు. తరువాత ఒక వరస. చాపలు గరగరమన్నాయి. ఆగండి. కూర్చోండి. ఆగండి. జీవరత్నం ఒంట్లో మిగిలిన బలమంతా కూడగట్టి ఎడంచెయ్యి ఎత్తాడు, అరచెయ్యి జనం వైపు, వేళ్ళు విప్పి, రోడ్డు మీద బస్సును ఆపేవాడిలాగా, కుర్చీలోంచి సగం పైకి లేచి ఎత్తాడు.

ముందు వరసలో ఉన్న ముసలమ్మ అతని చెయ్యి చూసింది. చూసి కొంగు తల మీదికి లాక్కుని మోకాళ్ళ మీద వాలింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. అయ్యగారు దీవెనిస్తున్నారు, అన్నారెవరో గొంతు తగ్గించి. ఇంకా లేవనివాళ్ళంతా గబగబా లేచారు, ఎస్తేరు తల్లి కూడా లేచింది, తలలు వంగాయి, కళ్ళు మూసుకున్నాయి, రెండు వందల మంది చేతులు జోడించి నిలబడ్డారు. నతానియేలు తల వంచాడు. కృపారావు మైకు దగ్గరే తల వంచాడు. జీవరత్నం తల ఎలా ఊగుతోందో, పెదవులు ఏం చెప్పబోతున్నాయో చూసే కళ్ళు ఆ గుడిలో ఒక్కటీ తెరిచి లేవు. చెయ్యి దించితే దీవెన అయిపోయిందని లెక్క, అందరూ ఆమేన్ అని బయటికి నడుస్తారు. దించకూడదు. భుజం మండింది, మోచెయ్యి వణికింది, ఇంకొంచెం, ఎవరో ఒకరు కళ్ళు తెరుస్తారు, ఇంకొంచెం. చెయ్యి దానంతటది కిందికి వచ్చేసింది.

"ఆమేన్" అన్నారు.

తలుపులు తీశారు. ఎండ లోపలికి పడింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి తల్లుల చేతులు పట్టుకున్నారు. నతానియేలు భార్య తన సంచిలో బైబిళ్ళు రెండూ సర్దుకుంది, ఇద్దరూ ఎవరి పలకరింపు కోసమూ ఆగకుండా జనం పక్కగా గేటు వైపు నడిచారు, ఎస్తేరు తల్లి వాళ్ళ వెనక నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. కృపారావు వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు, ఆ గంజి చొక్కాతో, ఆ దుమ్ములో. తరువాత తలెత్తి, సూటిగా, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, జీవరత్నం కళ్ళలోకి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. "మీ మీద కోపం పెట్టుకుని ఇన్నేళ్ళు ప్రభువు బల్ల దగ్గర మీ చేతి రొట్టె తీసుకున్నానండి. మావాడికే ఎందుకిలా చేశారు, ఇంకొకరైతే చేసేవారు కాదేమో అనిపించేది. రోజూ అనిపించేది. ఇవాళ తీరిపోయింది అయ్యగారూ. మీరు అందరికీ ఒకటే. నన్ను క్షమించండి."

జీవరత్నం ఎడంచెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని బిగించాడు. నోరు తెరవలేదు, తెరిస్తే ఏం వస్తుందో తెలుసు. పళ్ళు బిగబట్టి, ఆ మణికట్టును తనవైపు లాగుతూ, ఇందాకటి నుంచీ ఎక్కడా దారి దొరకనిదంతా ఆ వేళ్ళలోకి తోశాడు. కృపారావు ఏడుస్తూనే నవ్వాడు. "చూడండమ్మగారూ, వదలడం లేదు నన్ను" అన్నాడు. గేటు బయట ఆటో స్టార్టయిన చప్పుడు వినబడింది. "అలిసిపోయారు, ఇంక లేవండి. మూడింటి రైలు అందుకోవాలి" అంటూ ఫ్లోరెన్స్ వంగి, భర్త వేళ్ళను చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పసాగింది.